ఇమ్తిహాన్ కోసం ఉంచిన బిడ్డ

సాయిలు మంచం చుట్టూ ఐదుగురు డాక్టర్లు నిలబడ్డారు. ఐదుగురూ చదువుకున్నవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు.

పాలవాళ్ళ బస్తీ గౌలిపుర పక్క గల్లీలో, ఎవరో నవాబు వదిలేసిన దేవిడీ భవంతిలో నడుస్తున్న పిల్లల దవాఖాన అది. పంతొమ్మిది వందల నలభై ఆరు, చలికాలం, ఒక బుధవారం పొద్దున. నాలుగేళ్ళ సాయిలు కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఎడమ పక్కటెముకల వెనక నీళ్ళు చేరాయి. పెద్ద డాక్టరు విశ్వేశ్వర్ వాడి అంగీ పైకెత్తి, వీపు మీద వేలితో తట్టి, విన్నారా అన్నట్టు తల ఊపాడు. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. ఈ ఐదుగురికీ పిల్లల వైద్యంలో తర్ఫీదు ఇచ్చేదీ, చివర సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేదీ ఆయనే.

"చాలా మంచి కేసు," అన్నాడు ఇంగ్లీషులో. "నీళ్ళు తీయొద్దు. శనివారం మద్రాసు నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు. అప్పటిదాకా వీడు ఇట్లాగే ఉండాలి."

నీళ్ళు తీసేస్తే పరీక్షలో చూపించడానికి ఏమీ మిగలదు, అదీ సంగతి. ఆ పరీక్షకు కూర్చోబోయేది ఈ ఐదుగురే.

మంచం పక్కన నేల మీద తల్లి చంద్రమ్మ ఉంది. పాలమ్ముకుని బతికే మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు. డాక్టర్లలో వయసులో చిన్నవాడైన ఆనందరావు కోటు అంచు పట్టుకుంది.

"దొర ఏమన్నడు సారూ?"

"మంచిగైతదన్నడు," అన్నాడు ఆనందరావు.

ఆ అబద్ధానికి ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆనందరావు మొహం కందిపోయింది. అయినా ఏం లాభం? ఐదుగురూ పెద్ద డాక్టరు వెనకాలే తర్వాతి మంచం దగ్గరికి నడిచారు.

వరండాలో ఆయా పుష్పమ్మ వాళ్ళకు అడ్డం నిలబడింది.

"నీళ్ళు తియ్యరా సారూ?"

"శనివారం దాకా ఆగాలె," అన్నాడు బాబురావు. ఐదుగురిలో అందరికన్నా భయస్థుడు అతనే.

"నిరుడు కాశమ్మ బిడ్డను గూడ గిట్లనే ఆపిన్రు. ఇమ్తిహాన్, గా డాక్టర్ల పరీక్ష, అయినంక తీసిన్రు. తెల్లారి పిల్ల పానం పోయింది. నా చేతుల్తోనే గుడ్డ కప్పిన."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది లక్ష్మీకాంతమ్మ. ఐదుగురిలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

"ఎవరికి జెప్పాలె అమ్మా? డాక్టర్లంత ఆయన ఎనుకనే నడుస్తరు గద."

లక్ష్మీకాంతమ్మ తల దించుకుంది. ఆనందరావు కోటు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "నేను బస్తీకి పోయి అంత జెప్పేస్త."

"పిచ్చి లేసిందా నీకు?" బాబురావు కసిరాడు. "సంతకం పెట్టకపోతే మన గతేంది? నన్ను చదివియ్యనీకె మా బాపు ఎందరి కాళ్ళు పట్టుకున్నడో తెల్సా?"

"అందుకని మనం పిల్లల గొంతులు పట్టుకోవాల్నా?" అంది లక్ష్మీకాంతమ్మ.

గౌలిపురలో బర్రెల కొట్టం ముందు జనం చేరారు. వార్డు నుంచి చంద్రమ్మ కూడా వచ్చింది. బిడ్డ దగ్గర పుష్పమ్మ కూర్చుంది. ఆనందరావు గుంపు మధ్య నిలబడి మొత్తం చెప్పాడు. పొద్దున తను ఆడిన అబద్ధం కూడా దాచలేదు. చెప్పడం పూర్తికాకముందే బీరయ్య అనే పాలాయన కర్ర అందుకున్నాడు.

"ఈన్ని ఈడనే తన్నాలె! మన పోరగాండ్లంటే ఏమనుకున్నర్రా మీరు?"

"తన్నుండ్రి," అన్నాడు ఆనందరావు. "తన్నినంక దవాఖానకు రాండ్రి. పిల్లగానికి టైం లేదు."

అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆమే కాశమ్మ.

"అంటే... నా పిల్లను గన్ని దినాలు ఉంచుకున్నది గందుకేనా?"

"అవునమ్మా."

"గన్ని దినాలు పెట్టుకొని చూసిండంటే పెద్ద మనసనుకున్న. పిల్ల పోయినంక గూడ ఆయన తప్పేం లేదనే అనుకున్న. మొన్న బర్రె ఈనితే జున్నుపాలు ఇంట్ల పొయ్యెక్కియ్యలె. మలక్‌పేట దాక నడిచిపోయి ఆయన బంగ్లాల ఇచ్చొచ్చిన. నా చేతుల్తో ఇచ్చొచ్చిన!"

బీరయ్య కర్ర దించేశాడు. ఆ బంగ్లాకు జున్నుపాలు మోసినవాళ్ళు అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. గౌలిపురలో తొలి జున్ను ఇవ్వడమంటే ఇంటి మనిషిగా ఒప్పుకున్నట్టు. దొరలు బిడ్డను ఎంత ఎక్కువ కాలం ఉంచుకుంటే అంత దయ అని నమ్మిన బస్తీ అది. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. పేదవాడికి అన్యాయం జరగడం ఒక ఎత్తు, ఆ అన్యాయానికి తానే దండం పెట్టానని తెలియడం ఇంకొక ఎత్తు.

"సిగ్గు పడుకుంట కూసుంటే నా కొడుక్కు ఊపిరి రాదు," అంది చంద్రమ్మ. "లెవ్వుండ్రి. పోయి ఎత్తుకొస్త."

"ఇంటికి తెస్తే బతకడమ్మా. నీళ్ళు ఆడనే తియ్యాలె. మీరు నిలబడితే మేం తీస్తం."

"మేమైతే నిలబడ్తం. మీరు నిలబడ్తరా?"

ఆనందరావు ముందు నడిచాడు. పాలు పిండే వేళయింది. బర్రెలు అరుస్తున్నా ఎవరూ చెంబు ముట్టుకోలేదు. ఆడామగా అంతా కదిలారు.

సాయంత్రం రౌండుకు వచ్చిన విశ్వేశ్వర్ వార్డు నిండా జనాన్ని చూసి మండిపడ్డాడు. "ఏమిటీ లొల్లి? వీళ్ళను ఎవరు రానిచ్చారు?"

"పెద్ద సూది కావాలె సార్. అల్మారా తాళంచెవి ఇవ్వండి," అంది లక్ష్మీకాంతమ్మ.

"ఇవ్వను. నా సంతకం లేకుండా మీరెవరూ పిల్లల డాక్టర్లు కారు, గుర్తుంచుకోండి. ఈ ఒక్క పిల్లాణ్ణి చూసి మీరు నేర్చుకుంటే రేపు వెయ్యి మంది పిల్లలు బతుకుతారు. మీకర్థం కాదా?"

"ఆ వెయ్యి మంది ఎవల పిల్లలు దొరా?" చంద్రమ్మ ముందుకొచ్చింది. "నేర్చుకోనీకె మా పోరగాండ్లు, బతకనీకె మీ పోరగాండ్లా? నీ బిడ్డకు ఊపిరాడకుంటే గిట్లనే శనివారం దాక కూసోబెడ్తవా?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. మంచం మీద సాయిలు పెదవులు నీలంగా మారుతున్నాయి. అంతలో అల్మారా దగ్గర పెద్ద చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. బాబురావు ఇనుప స్టూలుతో తాళం పగలగొట్టాడు. భయం పోకపోయినా, లోపలి నుంచి పెద్ద సూది బయటికి తీశాడు.

"తీసుకో అక్కా," అన్నాడు లక్ష్మీకాంతమ్మతో.

ఆనందరావు బిడ్డను గుండెకు ఆనించి పట్టుకున్నాడు. ఆమె సూది దించింది. పళ్ళెంలోకి చీము నీళ్ళు దిగుతున్న కొద్దీ వాడి ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి తల్లి ఒళ్ళో వాలి నిద్రపోయాడు.

ఆ రాత్రే పోలీసులు బాబురావును పట్టుకుపోయారు. సర్కారు సామాను పగలగొట్టాడని కేసు.

శనివారం ఎగ్జామినర్ వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. అంతదాకా కలగజేసుకోని ఇద్దరు డాక్టర్లూ కలిసిరాగా, మిగిలిన నలుగురూ వార్డులో నిలబడ్డారు. గుమ్మాల నిండా తల్లులు. విశ్వేశ్వర్ గొడవ దాచిపెట్టి ఇంకో బిడ్డను చూపించబోయాడు. లక్ష్మీకాంతమ్మ ఆ మంచానికి అడ్డం వెళ్ళి, జరిగిందంతా చెప్పింది.

ఎగ్జామినర్ ఆమె వైపు తిరిగాడు. "సరే. నీళ్ళు చేరి ఊపిరాడకపోతే ఏం చేయాలి?"

"ఆ రోజే తియ్యాలె సార్."

"సరైన జవాబు."

"ఈ జవాబు మాకు బుధవారం గూడ తెలుసు. తెలిసీ ఆ తల్లికి అబద్ధం జెప్పి పక్క మంచానికి నడిచినం. మేం నలుగురం ఫెయిలైనం. అట్లనే రాయండి. రాసినంక, మాకు నేర్పినాయన్ని పరీక్ష చెయ్యండి."

విశ్వేశ్వర్ గేటు దగ్గర కాపలా పెట్టించిన పోలీసు అమీన్‌ను కేకేశాడు. జవాన్లు లోపలికి తోసుకొచ్చి ఆనందరావు రెక్క పట్టుకున్నారు. ఆ తోపులాటలోంచే కాశమ్మ వచ్చి ఎగ్జామినర్ ఎదురుగా నిలబడింది.

"నిరుడు ఈడికి వచ్చింది నువ్వేనా సారూ?"

"అవునమ్మా."

"పొడుగు జడల పిల్ల. గా కిటికి కాడి మంచం. చూసినవా?"

ఆయనకు గుర్తొచ్చింది. "చూశాను."

"చూసి ఏమన్నవ్?"

ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి, నేల చూస్తూ అన్నాడు.

"మంచి కేసు అన్నాను."

కాశమ్మ ఏడవలేదు. వెళ్ళి ఆ కిటికీ దగ్గరి మంచం మీద కూర్చుంది. అక్కడున్న బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. చంద్రమ్మ పక్క మంచం మీద కూర్చుంది. ఒక్కొక్క మంచం మీద ఒక్కొక్క తల్లి కూర్చుంది. అమీన్ ఉర్దూలో తిట్టాడు, లాఠీ చూపించాడు. ఎవరూ లేవలేదు. నలుగురు డాక్టర్లను వ్యానెక్కించారు. గేటు బయట బీరయ్య గొంతెత్తాడు, బస్తీ అంతా అందుకుంది.

"మా పిల్లల మీద ఇమ్తిహాన్ బంద్!"

ఆ రోజు వార్డులో పరీక్షకు చూపించడానికి ఒక్క బిడ్డ అంగీ కూడా ఎవరూ పైకెత్తలేకపోయారు.