నూకరత్నానికి నెమ్మదైన సముద్రం

నా భార్య నూకరత్నం అస్థికలను తప్పుచోట కలిపారు. కలిపినవాడు ఆమె అన్న అప్పలనాయుడు. నేను జ్వరంతో మంచంలో ఉండగా, నన్ను అడగకుండా, ఏరు సముద్రంలోకి విసురుగా పడేచోట కలిపాడు. ఇందులో చర్చ లేదు.

అందుకే ఆమె ఎక్కడా నిలవడం లేదు. రోజూ పొద్దున్నే మా ఇంటి కుళాయిలో వస్తుంది. చెంబు నిండేలోపు ఒక మాట అంటుంది. అంచు దాటి, తూములోకి దిగి వెళ్లిపోతుంది. కొన్నాళ్ల మాటలు వరసగా పేర్చి చూస్తే ఇలా ఉంది: "నీళ్లు నెమ్మదిగా ఉండేచోట నన్ను దించు."

ఈ రోజు చెంబు నిండగానే మూత పెడతాను. లోపల ఆమె సర్దుకుని కూర్చున్న చప్పుడు వినిపిస్తుంది.

వీధిలోకి వచ్చేసరికి అప్పలనాయుడు ఇంకో చెంబుతో నిలబడి ఉన్నాడు.

"మా కుళాయిలోనూ వస్తంది బావా. సేపలు నిండుగా ఉండేకాడ నన్ను దించన్నయ్యా, అంటంది."

"అది నీ కుళాయి మాట."

"నా సెల్లి మాట."

"నాకెప్పుడూ చేపల సంగతి చెప్పలేదు."

"నువ్వెప్పుడైనా ఇన్నావేటి?"

నీళ్లు వెతకడానికి ఇద్దరం భీమిలి బస్సెక్కుతాం. కండక్టరు రెండు చెంబులనూ చెవి దగ్గర ఊపి చూసి, రెండింటికీ కలిపి ఒకే టికెట్టు కొడతాడు. "మనిషి ఒకరే కదా," అంటాడు.

సముద్రాల కొట్టు బీచ్ రోడ్డులో ఉంది. యజమాని సూరాడ తాతారావు. పట్నం వాళ్లను నీటి అడుక్కి దించి చూపించడం అతని వృత్తి. కొట్టంతా ఒకటే నడవా, ఇరువైపులా తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక సముద్రం. మనం నడిచేకొద్దీ నడవా పొడవవుతుంది. ఆగితే అదీ ఆగి మన కోసం ఎదురుచూస్తుంది.

"ఎవలికి బాబూ?" అంటాడు తాతారావు. చెంబు చూపిస్తాను.

"ఆవిడకి ఈతొచ్చా?"

"రాదు."

"మరీ మంచిది. ఈతొచ్చినోలు నీటితో దెబ్బలాడతారు."

అతని చేతిలో పసుపు డబ్బా ఉంది. మొదటి తలుపు తీసి, నీటి జోరు తెలియడానికి చిటికెడు పసుపు నీళ్లలో వదులుతాడు. రంగు కనబడేలోపే అది పోతుంది. చేపలన్నీ ఒకేవైపు ముఖం పెట్టి, కిక్కిరిసిన బస్సులో కమ్మీ పట్టుకున్న జనంలా, ఉన్నచోటే ఈదుతున్నాయి. ఎవరిదో వీధి తలుపు కొట్టుకుపోతోంది. దానికి ఒక చెయ్యి అంటుకుని ఇంకా తడుతూనే ఉంది.

"ఇది కుర్రోలికి," అని మూయబోతాడు.

"ఉండు," అంటాడు అప్పలనాయుడు. "ఇది బాగుంది బావా, మాంచి జోరుంది. నిలవ నీళ్లలో మనిసిని ఎవులైనా కలుపుతారేటి? పారే నీళ్లయితేనే దాటుతాది."

"నీ చెల్లెలు దాటలేదు. మా కుళాయిలో ఉంది."

అతను తల దించుకుంటాడు. నేను తాతారావు వైపు తిరుగుతాను. "అసలు కదలని నీళ్లు చూపించు."

"అసలే కదలనివా?"

"అసలే."

ఆ తలుపు నడవా చివర ఉంది. గొళ్లెం తుప్పు పట్టింది. "దీన్ని ఎవలూ అడగరు బాబూ," అంటూ తీస్తాడు. పసుపు పడినచోటే నిలుస్తుంది. దాని పక్కన, ఎప్పుడో వచ్చినవాళ్ల దగ్గు ఒకటి గోళీలా గుండ్రంగా వేలాడుతోంది. చేప లేదు. నాచు లేదు. నాకు నచ్చుతుంది.

తాతారావు నా వీపుకు సిలిండరు కడతాడు.

"ఇందులో ఎవరి ఊపిరుంది?"

"మా నాయనదండి. కొంత మిగిలిపోనాది."

దిగుతాను. ఆ ఊపిరి చుట్ట వాసన వేస్తోంది. మూత తీయగానే నూకరత్నం లేచి నిలబడుతుంది. నడుము పైభాగమే ఉంది. మిగతా సగం అన్న చెంబులో ఉండిపోయింది. ఆమె నోరు తెరుస్తుంది. మాట పెదవుల దగ్గరే ఆగిపోతుంది. రెండో మాట వచ్చి ఇటుకలా దాని మీద కూర్చుంటుంది. చూస్తుండగానే ఆమె ముఖం ముందు గోడ లేస్తుంది. గోడ పైనుంచి కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

ఆమె మాటకారి. సంతకు వెళ్లి ఏమీ కొనేది కాదు. జనాన్ని పలకరించి వచ్చేది.

నేను పైకొచ్చి అడుగుతాను. "నేను ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటుందా?"

"ఉంటాది. ఎక్కడికెల్తాది? కానీ బాబూ, నీరు కదిలితేనే మేతొస్తాది. మేతొస్తేనే సేపొస్తాది. ఈ నీటిలో మాట కూడా రాదు."

అప్పలనాయుడు తన చెంబును గుండెకు అదుముకుని ఉన్నాడు. "సగం మనిసిని గోడెనకాల దాసుకుంటావా బావా?"

దాచుకోవాలనే ఉంది. గోడ వెనక అయినా సరే, ఉంటుంది. కానీ ఆమె కళ్లు నా మీద లేవు. తలుపు సందులోంచి నడవాలోకి చూస్తున్నాయి. ఏం వెతుకుతోందో తెలుసుకోవాలనిపిస్తుంది. కాపురం చేసినన్నాళ్లూ నాకు ఇలా అనిపించలేదు.

"నెమ్మదీ ఉండి, చేపలూ ఉన్న నీళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయి. ముందే సెప్తన్నాను, అక్కడ మనిసి నిలవదు. మెల్లగా జరుగుతాది. ఏదో ఒకనాడు పగడాల దిబ్బ దాటేస్తాది. ఇక మీ కుళాయికి రాదు."

చెంబు మూత వేలికి తగులుతోంది. దాన్ని కాసేపు తిప్పుతాను.

"తియ్యి," అంటాను. గోడ వెనక నుంచి ఆమెను తిరిగి చెంబులోకి తీసుకుని మూత పెడతాను.

ఈ తలుపు వెనక చిన్న అఖాతం. చుట్టూ పగడాల దిబ్బ గోడ కట్టింది. పెద్ద అలలు దాని అవతలే విరిగి కూర్చుంటున్నాయి. పసుపు సాంబ్రాణి పొగలా విచ్చుకుని, తాతారావు వేళ్లను చుట్టి, తీరిగ్గా ముందుకు సాగుతుంది. చిలకచేపలు పగడాన్ని పటపటా కొరుకుతున్నాయి. కొరడా తోకతో చాపంత టేకుచేప ఒకటి ఒంటిమీది ఇసుక దులుపుకుని లేస్తోంది. ఆక్టోపస్ రాయి రంగు వేసుకుని, మధ్యలో మరిచిపోయి, ఎర్రబడుతోంది. అది ఏమిటని అడుగుతాను. తాతారావు చెబుతాడు. ఇది ఏమిటని అడుగుతాను. చెబుతాడు. నా ప్రశ్నలు అయిపోవడం లేదు.

అప్పలనాయుడూ నేనూ పక్కపక్కన దిగి, రెండు చెంబులూ ఒకేసారి వంచుతాం. నూకరత్నం నడుము దగ్గర అతుక్కుంటుంది. మా ఇద్దరి వైపూ చూడదు. ఎదురుగా వచ్చిన చిలకచేపను ఆపుతుంది.

"మీదే ఊరు?"

చేప చెబుతుంది.

"అయితే మా పెదనాన్న అల్లుడు మీకు తెలిసే ఉంటాడు."

తెలుసంటుంది చేప. ఇంకో చేప వచ్చి తనకూ తెలుసంటుంది. క్షణంలో గుంపు చేరుతుంది. చీర కుచ్చిళ్లు కదులుతున్నాయి. మాటమాటకీ ఆమె బెత్తెడు జరుగుతోంది. నా చెయ్యి దానంతటది ముందుకు వెళ్తుంది. నీరు దాన్ని మెత్తగా పట్టి పక్కన పెడుతుంది. గుంపు నవ్వుతోంది. ఏదో సరసం ఆడింది కాబోలు. నాకు వినబడనంత దూరం వెళ్లిపోయింది.

పైన రోడ్డు మీద ఒక తాబేలు నా చొక్కా తొడుక్కుని, నా బదులు ఇంటికి పోయే బస్సు కోసం నడుస్తోంది. నేను ఇంకా నీటి అడుగునే ఉన్నాను. అంతా కనబడుతోంది. పైకెక్కిన అప్పలనాయుడు అది నేనే అనుకుని, దాని డిప్ప మీద చెయ్యి వేసి ఏడుస్తున్నాడు.

"తప్పు నాదే బావా. మనసులో ఎట్టుకోకు."

తాబేలు ఆగుతుంది. బస్సు ఆగుతుంది. కండక్టరు మెట్టు మీంచి వంగి వింటున్నాడు. తాబేలు మెడ బయటికి చాచి, నిదానంగా తల ఊపుతుంది.

ఊపింది నేను కాదు. అయినా అస్థికలు ఎక్కడ కలిపాడన్న సంగతి ఇక ఎవరడిగినా ఎత్తను.