బాత్రూం దెబ్బ

తెల్లారి మొగుణ్ణి లేపబోయిన గౌరీశ్వరికి అరచెయ్యి నిండా నెత్తురంటింది. అప్పలసూరి తల కింద దిండు తడిసి ముద్దయిపోయింది. ప్రాణం ఉంది, మాటే సరిగా లేదు.

మద్దిలపాలెంలోని ఆ వాటాల ఇంట్లో నేరస్థురాలు దొరకడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ముందురోజు సాయంత్రం చేపల పులుసులో ఉప్పు గురించి మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నారని పక్కవాటా సూర్యకాంతమ్మ సాక్ష్యం చెప్పింది. కానిస్టేబులు వచ్చి పచ్చడిబండ స్వాధీనం చేసుకున్నాడు. దానికి గోంగూర తప్ప మరేమీ అంటలేదన్న సంగతిని పరిశోధనకు అడ్డు రానివ్వలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ జయమణి నెత్తిమీద గాయం చూసి, ఎప్పుడు తగిలిందని అడిగింది. తెల్లవారుజామున బాత్రూంలో జారానని అప్పలసూరి గొణిగాడు. అతని ఫోర్‌మన్ గురునాథరావు పిలవకుండానే వచ్చి, పొల్లుపోకుండా అదే చెప్పాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఆ రోజుల్లో గురునాథరావు ఓ ప్రైవేటు వర్క్‌షాపులో ఇనుప దూలాలు చేయించేవాడు. ఆ షెడ్డులో ఎన్నడూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కడి పనివాళ్ళ బాత్రూములు మాత్రం మహా ప్రమాదకరమైనవి. వేలు నలిగినా, కాలు విరిగినా వాటిలోనే. భద్రతా వారోత్సవాల షీల్డు ఏటా ఆ వర్క్‌షాపుకే.

జయమణి కుట్లు వేసింది. కుట్ల సందుల్లోంచి మళ్ళీ నెత్తురు కారింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు పన్ను పీకించుకుంటే ఆ రోజు బాగానే ఉండి, మర్నాడు నోరంతా నెత్తురయిందని గౌరీశ్వరి అప్పుడు చెప్పింది.

డాక్టరమ్మ గురునాథరావు వైపు తిరిగింది.

"ఇవాళ్టి దెబ్బయితే మళ్ళీ కుడతాను. నిన్నటిదయితే మాత్రం, గాయం మీద కట్టిన నెత్తుటి గడ్డ ఇతని ఒంట్లో ఆగకుండా కరిగిపోతోందన్నమాట. దానికి మందు వేరు. ఊరికే ఇచ్చే మందు కాదది, పొరపాటయితే గడ్డలు గుండెకి అడ్డుపడతాయి. ఎప్పటిదో చెప్పండి."

గురునాథరావు ఫ్యాను వైపు చూశాడు. కానిస్టేబులు గౌరీశ్వరిని స్టేషనుకి నడవమన్నాడు. ఆమె కదల్లేదు, ఫోర్‌మన్ వైపు తిరిగింది.

"బాబూ, మనిసి పోతే మీ షీల్డు నానేటి సేసుకోను?" అంది.

కొత్తగా కట్టిన కట్టు కూడా ఎర్రబడింది. అది చూసి గురునాథరావు నోరు విప్పాడు.

"నిన్న మజ్జాన్నం క్రేను కొక్కెం తగిలింది, డాక్టరమ్మా. నానే కడిగి, జుట్టు మీదకి దువ్వి, బాత్రూమని సెప్పరా అన్నాను. అందరికీ అలాగే సెప్తాను. నెత్తురు ఎంటనే ఆగిపోనాది. ఆగిపోయినదాన్ని దెబ్బని ఎలాగంటాం అనుకున్నాను. షీల్డు తీసుకోడానికి కొత్త సొక్కా కూడా కుట్టించీసేను. ఆ మందేదో ఏగిరం ఇచ్చీండి. నిన్నటి దెబ్బే."