డిఫెన్స్ హెల్పర్

దయాల్‌బంద్‌లో మా ఇంటి గుమ్మం ముందు వరసకు చిన్నాన్నయ్యే చంద్రమౌళి చేతులు జోడించి నిలబడితే నాకు జాలి కలగలేదు. హమ్మయ్య, వచ్చావా అనుకున్నాను.

రైల్వే లోకోషెడ్‌లో రాగి తీగ దొంగిలించాడని అతని మీద విచారణ. నేరం ఖాయమైతే రిటైరయ్యే ముందు ఉద్యోగం ఊడుతుంది.

"జ్యోతిర్మయీ, నువ్వే నా డిఫెన్స్ హెల్పర్‌గా ఉండాలమ్మీ. ఇంకెవులూ ఒప్పుకోట్లేదు," అన్నాడు.

డిఫెన్స్ హెల్పరంటే వకీలు కాదు. విచారణలో తన తరఫున మాట్లాడమని నిందపడ్డవాడు పేరు రాసిచ్చి పెట్టుకునే తోటి ఉద్యోగి. పదిహేనేళ్ల కిందట ఇలాంటి దొంగతనమే అంటగడితే మా నాన్న నూకరాజు ఈ చంద్రమౌళి పేరే రాసిచ్చాడు. హిందీలో గడగడా వాదించేవాళ్లు ఎందరో ఉన్నా, "మన తెలుగోడుండగా ఆళ్లెందుకు?" అన్నాడు పిచ్చి నాన్న! ఆ మనోడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. సాక్షిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఉద్యోగం పోయిన నాన్న బిల్హా మిల్లులో బస్తాలు మోసి మోసి చచ్చిపోయాడు.

నేను పరీక్ష రాసి అదే షెడ్‌లో క్లర్కునయ్యాను. రూల్సన్నీ బట్టీ పట్టాను.

"అచ్ఛా, అలాగే చిన్నాన్నా," అని సంతకం పెట్టాను. నేనూ నోరు మూసుకుని కూర్చుంటాను, వీడి ఉద్యోగం ఊడుతుంటే కళ్లారా చూస్తాను అనుకున్నాను.

విచారణలో కాపలాదారు రాజేంద్ర సాక్ష్యం చెప్పాడు. చంద్రమౌళి స్టోరులోంచి తీగ మోసుకెళ్తుంటే చూశానన్నాడు. చంద్రమౌళి నా వైపు చూశాడు. నాన్న కూడా వీణ్ని ఇలాగే చూసుంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఛీ, నేను వీడిలా ఎందుకవ్వాలి?

లేచి హిందీలో అడిగాను. "ఆ రోజు మీ డ్యూటీ ఎక్కడ?"

"లాల్‌ఖదాన్ గేటు."

"అక్కణ్నుంచి స్టోరు కనబడుతుందా?"

"కనబడదు," అన్నాడు రాజేంద్ర.

"మరి ఈ వాంగ్మూలం కాగితం మీద సంతకం ఎవరు పెట్టించారు?"

కేసు అక్కడే కూలిపోయింది.

బయట చంద్రమౌళి ఏడుస్తూ నా చేతులు పట్టుకోబోయాడు. వెనక్కి లాక్కున్నాను.

"మూడే ప్రశ్నలు చిన్నాన్నా. మా నాన్న కోసం ఒక్కటీ అడగలేకపోయావా?"

"ఆఫీసర్లే బెదిరించారమ్మీ. నోరు తెరిస్తే ఎక్కడికో బదిలీ సేసేత్తామన్నారు. పిల్లలుగలోణ్ని, ఏటి సెయ్యను?"

"నన్నూ బెదిరించారు. ఇవాళ పొద్దున్నే, ఈ గది బయటే. నాకూ ఇద్దరు పిల్లలు."

అతను మెట్ల మీద కూలబడ్డాడు.

"లే, డ్యూటీకెళ్లు," అన్నాను. "వెళ్లినప్పుడల్లా ఈ మాట గుర్తుంచుకో."