పచ్చ తీగకు చుట్టిన ఎర్ర టేపు

నేను ఒక ఆకుపచ్చ తీగను. మీ ఇంటి గోడలో, సిమెంటు వెనక, పైపులో పడుకుని ఉండే మూడు తీగల్లో నన్నెవరూ పట్టించుకోరు. ఎర్ర తీగలో కరెంటు వస్తుంది, నల్ల తీగలో తిరిగి వెళ్తుంది. నాకు పనేమీ ఉండదు. ఏ ఇస్త్రీ పెట్టెకో లోపల ఏదైనా చెడి దాని ఒంటికి కరెంటు పాకితే, దాన్ని మనిషి దాకా పోనీయకుండా భూమిలోకి దించేయడమే నా వంతు. జన్మలో ఒక్కసారి కూడా ఆ అవసరం రాకపోతే అంతకన్నా ఏం కావాలి? ఇంత మంచి పుట్టుక పుట్టి చివరికి నేనేం చేశానో చెబుతాను, వినండి.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రాగిని సన్నగా లాగి, పోగులు పేని, పైన వేడి ప్లాస్టిక్కు తొడిగారు. ఎర్రదానికీ, నల్లదానికీ, నాకూ లోపల ఉన్నది ఒకే రాగి. తేడా అల్లా పైన వేసిన రంగులోనే. మనుషులకు కళ్లున్నాయి కాబట్టి రంగు చూసి మసులుకుంటారని ఈ ఏర్పాటట. నేనూ నమ్మాను.

లారీ ఎక్కి కందుకూరులో దిగాను. నన్ను కొన్నది మాలకొండయ్య. రెండు గదులూ ఒక వంటిల్లూ కొత్తగా కట్టుకుంటున్నాడు. అతని భార్య పెంచలమ్మ దోసెల పిండి రుబ్బి వీధంతటికీ అమ్మేది. వైరింగు పని ఖాదర్ బాషాకు అప్పజెప్పారు. ఊళ్లో బాషా పనికి మంచి పేరు. కొలిచి కోసేవాడు, గోడ లోపల ఎక్కడా అతుకు వేసేవాడు కాదు. పెంచలమ్మ అతనికి టీ ఇచ్చి, గ్లాసు తీసుకుపోకుండా అక్కడే నిలబడి, ఏ తీగ ఎందుకని అడిగేది. బాషాకూ చెప్పడమంటే సరదా.

"ఎర్రది ముట్టుకుంటే పోతావమ్మా. నల్లది దానికి తోడు. పచ్చది మటుకు ప్రాణం కాపాడేది. గుర్తు పెట్టుకో" అన్నాడు.

ఆమె వేళ్లు మడుచుకుంటూ మూడూ తిరిగి అప్పజెప్పింది. పచ్చది అన్నప్పుడు నా వంక చూసింది. మూలన చుట్టగా పడి ఉన్న నేను ఎంత పొంగిపోయానో!

గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రం ఎర్ర తీగ అయిపోయింది. వంటింట్లో గ్రైండరు కోసం విడిగా పవరు లైను లాగాలి. దానికి ఐదు బారలు తక్కువ పడింది. ఆదివారం, కొట్లు మూసేశారు. తెల్లారితే ముహూర్తం. నేనేమో ఇంకా చుట్టలోనే ఉన్నాను, ఎందుకంటే నన్ను దించాల్సిన ఎర్త్ గుంత తవ్వించడం మాలకొండయ్య తర్వాతకు వాయిదా వేశాడు. మనిషి గుమ్మానికి మామిడాకులు మరిచిపోడు. దిష్టి గుమ్మడికాయ అసలే మరిచిపోడు. ఆ గుంత మాత్రం ఎందుకో ఎప్పుడూ తర్వాతే.

బాషా కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నన్ను కోసి, ఎర్ర తీగ ఉండాల్సిన చోట నన్ను పెట్టి, రెండు కొసలకూ ఎర్ర టేపు చుట్టాడు. నలుగురూ చేసే పనే. ముందు ముందు బోర్డు విప్పినవాడికి ఆ టేపే సంగతి చెబుతుంది. పెంచలమ్మ మాత్రం ఊరుకోలేదు.

"పచ్చది గదన్నా, ఆడ పెట్టావేంది?"

"ముహూర్తం కానీ తల్లీ. మంగళారం వచ్చి మార్చేస్తా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రాత్రి నేను సంతోషపడ్డాను. జన్మంతా ఖాళీగా పడి ఉండాల్సినదాన్ని, నాకూ ఒక పని దొరికింది. గ్రైండరు నా బలంతోనే తిరిగింది, వీధిలో దోసెలు నా వల్లే పడ్డాయి అనుకున్నాను. ఆ మంగళవారం బాషా రాలేదు. పెంచలమ్మ రెండు మూడుసార్లు గుర్తు చేసింది, అతను వస్తానన్నాడు. గ్రైండరు ఆగిపోతే అదే రోజు పరుగెత్తుకొచ్చేవాడేమో. అది చక్కగా తిరుగుతోంది కదా, ఇద్దరూ మరిచిపోయారు. అలా పన్నెండేళ్లు గడిచాయి.

మొన్న వేసవిలో వంటింటి గోడలకు టైల్స్ వేయించారు. మేస్త్రీ భయపడుతున్నాడని మాలకొండయ్య వంటింటి ఫ్యూజులు రెండూ, లైట్లదీ పవరుదీ, పీకి గూట్లో పెట్టాడు. మేస్త్రీ పాత చెక్క బోర్డును అడ్డమని కత్తిరించి అవతల పారేశాడు. దాంతోపాటు నా కొసా, దాని మీది ఎర్ర టేపూ చెత్తలోకి పోయాయి. గోడలోంచి మూడు తీగలు వేలాడుతూ మిగిలాం. లైట్ల తాలూకు ఎర్రది, మా ఇద్దరికీ ఉమ్మడిదైన నల్లది, నేను. చూసినవాడెవడికైనా ఏమనిపిస్తుందో మీరే చెప్పండి.

సాయంత్రం దీపం కావాలని లైట్ల ఫ్యూజు మళ్లీ పెట్టారు. నాలోకి కరెంటు వదిలే పవరు ఫ్యూజు గూట్లోనే ఉండిపోయింది. కొత్త బోర్డు బిగించడానికి పెంచలమ్మ బాషాకే కబురు చేసింది. అతను కంటి ఆపరేషనుకు నెల్లూరులో ఉన్నాడు, పదిరోజులు ఆగమన్నాడు. పిండి కోసం గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు పదిరోజులు ఆగుతారా? ఊళ్లో కరెంటు పని చేసే ఇంకొకడు, ఏసోబును పిలిచారు. నిదానస్తుడే. నన్ను చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించి పెంచలమ్మను ఏదో అడిగాడు. ఆమె నవ్వుతూ జవాబు చెప్పింది. ఆ జవాబు ఇప్పుడు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఏసోబు నన్ను ఎర్త్ చోట, అంటే గ్రైండరు ఒంటికి కలిసేలా, బిగించాడు. లైట్ల ఎర్ర తీగ బలంతో గ్రైండరు తిరిగింది. దాని ఒంటి మీద టెస్టరు పెట్టి కూడా చూశాడు, వెలగలేదు. ఎలా వెలుగుతుంది, నా ఫ్యూజు గూట్లో ఉంటే?

మూడో రోజు మాలకొండయ్య అగ్గిపెట్టె కోసం గూట్లో చెయ్యి పెట్టాడు. ఫ్యూజు తగిలింది. అయ్యో, మరిచిపోయామే అనుకుని తీసుకెళ్లి దాని చోట గుచ్చాడు. ఒరే నాయనా, వద్దురా అని అరవాలనిపించింది. తీగకు నోరెక్కడిది?

మర్నాడు పొద్దున పెంచలమ్మ నానిన మినప్పప్పు కడిగి, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, గ్రైండరు అంచు పట్టుకుంది. నాలోంచి పోయిన కరెంటు ఆమెలోంచి భూమిలోకి దిగింది. మాలకొండయ్య చెంబు పడిన చప్పుడు విని వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇంటి ముందు జనం చేరారు. మాలకొండయ్య తమ్ముళ్లు ఏసోబు కాలరు పట్టుకున్నారు. అప్పుడొచ్చాడు బాషా, కబురు విని నెల్లూరు నుంచి, ఒక కంటికి నల్ల మూత, చేతిలో కర్ర. లోపలికెళ్లి బోర్డు విప్పించి, ఒంటి కన్నుతో నన్ను చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అక్కణ్నించే వాకిట్లో ఉన్న ఏసోబును కేకేసి అడిగాడు, అది ఎర్త్ అని నీకెట్టా తెలిసిందని.

"నాకూ అనుమానం వచ్చి అడిగినా అన్నా. ఆమే చెప్పింది. 'పచ్చది బాషా అన్న పెట్టింది, అది ప్రాణం కాపాడేది, అనుమానం లేకుండా బిగించు' అనింది."

పన్నెండేళ్ల నాటి పాఠం పొల్లు పోకుండా గుర్తుంది ఆమెకు. మంగళవారం మారుస్తానన్న మాటే మరిచిపోయింది.

బాషా కర్ర ఊతంగా లేచి వాకిట్లోకి వచ్చాడు. "ఆయన్ని వదలండయ్యా. ఆ తీగ ఆడ పెట్టింది నేను. మారుస్తానన్నా. మార్చలా" అన్నాడు. కాలరు పట్టుకున్న చేతులు మెల్లగా జారిపోయాయి. మాలకొండయ్య తల ఎత్తలేదు. అతనికి ఆ ఫ్యూజు గుర్తొచ్చి ఉంటుంది. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక నన్ను గోడలోంచి లాగేసి పాత ఇనుప కొట్లో వేశారు. ఇక్కడ ఎర్రవీ, నల్లవీ, పచ్చవీ కలిసి ఒకే గోనెసంచిలో ఉన్నాం. రేపు మమ్మల్ని కాల్చి రాగి తీస్తారట. మంట తగిలితే ముందుగా పోయేది రంగేనని పక్కనున్న పాత తీగ చెప్పింది. పెంచలమ్మ నమ్మింది ఆ రంగునే.