పదకొండో ప్రశ్న

జూరాకాన్ అక్క జబ్బకి నీలం గుడ్డ కట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు కుట్టుమిషన్ మీద వంగిన మనిషి. తొక్మోక్ ఊళ్లో కోటు కాలరు చూసి ఇది ఆవిడ చెయ్యేనని చెప్పగలిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి మనిషిని షెడ్డులో అందరికంటే ముందు పీట మీద కూర్చోబెట్టి, సుద్దతో గీసిన గీత వెంట తిన్నగా కుట్టమన్నారు. వెనక నిలబడి చూస్తున్నవాడు యజమాని షాబ్దన్ మేనల్లుడు. వాడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

"గీత దాటింది. విప్పి మళ్లీ కుట్టు" అన్నాడు.

ఆవిడ విప్పింది.

నీలం గుడ్డ అంటే పని నేర్చుకుంటున్న మనిషి అని గుర్తు. నేర్చుకునేవాళ్లకు ఒప్పందం కాగితం ఉండదు. కాన్పుకి సెలవుండదు. పొమ్మన్న రోజున చేతులు దులుపుకుని పోవాలి. ఆ షెడ్డులో నలభై మూడు మంది ఆడవాళ్లుంటే, నలభై ఒక్కరు ఒకే వారంలో పనిమంతుల జాబితాలోంచి నేర్చుకునేవాళ్ల జాబితాలోకి జారిపోయారు. కారణం రాసిన కాగితం గోడ మీద అంటించారు. "ఉపాధి పరిశోధనా కేంద్రం అధ్యయనం ప్రకారం ఇక్కడ నూటికి తొంభై ఐదు మందికి నైపుణ్యం అత్యల్పం." కింద అధ్యయనం చేసిన మనిషి పేరు. కనిశాయ్.

ఆ కనిశాయ్‌ని నేనే. రెండో విడత సర్వే ఫారాలు సంచిలో వేసుకుని ఆ పొద్దున గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాను. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. ఇప్పుడు మీటింగుల్లో నన్ను ధైర్యం చేసిన మనిషిగా మీకు చూపిస్తుంటారు. అది నిజం కాదు, అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆకులు రాలే కాలంలో మొదటి విడతకి వచ్చాను. ఊళ్లో ఏడు షెడ్లు తిరిగాను. మా పద్ధతి ప్రకారం ప్రతిచోటా పెద్దావిడతోనే మొదలుపెట్టాను. జూరాకాన్ అక్క రొట్టె తుంచి ముందు నా చేతిలో పెట్టింది, టీ పోసింది, ఆ తర్వాతే అడగమంది. పదకొండో ప్రశ్న ఇది: మీ నైపుణ్యానికి ఒకటి నుంచి ఐదు వరకు ఎంత వేసుకుంటారు?

"నాకేం వచ్చమ్మా" అని నవ్వింది. "ఏదో సూదీ దారం పట్టుకుని పొద్దుపుచ్చుతున్నాను. ఒకటి వెయ్యి."

మాలో పెద్దమనిషన్నవాళ్లు తమ పనిని తాము పొగుడుకోరు. పొగుడుకుంటే దిష్టి, పైగా నగుబాటు. ఆవిడ తర్వాత బురుల్చా. అక్కే ఒకటంటే తను రెండని ఎలా అంటుంది? "ఆవిడకే ఒకటైతే నాకు ఒకటి కూడా ఎక్కువే" అంది. అలా వరసంతా ఒకటి, ఒకటి, ఒకటి. కొత్తగా చేరిన పిల్లలిద్దరు మాత్రం మూడేసి వేసుకున్నారు. వీళ్లకింకా సిగ్గు తెలియలేదని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నాకు అంతా తెలుసు. కేంద్రంలో మా పెద్దాయన దగ్గర ఒకసారి నసిగాను కూడా. "అయ్యా, ఇది మర్యాదకి చెప్పిన మాట, లెక్కలోకి తీసుకోకూడదు" అన్నాను. "ఫారంలో మర్యాదకి గడి లేదు" అన్నాడు. ఆ ఒకట్లనే రాసిచ్చాను. ఆ నివేదికని పైవాళ్లు మెచ్చుకున్నారు, నాకు హోదా పెరిగింది. ఆ రోజు ఇంటికి కేకు పట్టుకెళ్లి పిల్లలతో కలిసి తిన్నాను.

మధ్యాహ్నం తిండివేళకి మిషన్లు ఆగాయి. నేను గోడ దగ్గరికెళ్లి, "ఆ పేరు నాదే" అన్నాను.

"తెలుసులే" అంది బురుల్చా. "మా రొట్టె తిని మా నోట్లోనే మట్టి కొట్టావు. నువ్వేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డావా? మీ అమ్మనడిగితే ఐదంటుందా?"

"అనదు."

"అయితే తెలిసే రాశావన్నమాట."

"తెలిసే రాశాను."

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది.

మూలనుంచి ఒకావిడ, "షాబ్దన్ గడ్డం పట్టుకుని బతిమాలుదాం. మనవాడే కదా, కరక్కపోతాడా" అంది.

"బతిమాలడానికి మీరేం తప్పు చేశారు?" మూడు వేసుకున్న కొత్త పిల్లల్లో ఒకతె, సాయ్‌కాల్, లేచింది. "నేను చేరి ఆర్నెల్లు కాలేదు. నన్ను పనిమంతురాలన్నాడు. జూరాకాన్ అక్క కుట్టింది నన్ను దిద్దమంటున్నాడు. నాకు ముద్ద దిగట్లేదు."

అప్పటిదాకా తలెత్తని జూరాకాన్ అక్క మెల్లగా అంది. "తప్పు నాదీ ఉంది. నేను ఒకటన్నాను గనకే మీరంతా ఒకటన్నారు. నా మర్యాద మీ పొట్ట కొట్టింది."

"మర్యాద తప్పు కాదక్కా" అంది బురుల్చా. "మనం తల వంచితే వాడికి మెడ దొరికింది. అదీ జరిగింది."

ఆ మాటల్లోనే షాబ్దన్ వచ్చాడు. "ఏంటీ సభ? చెల్లెమ్మా, నువ్వు నీ ఫారాలు తీసుకుని నా గదిలో కూర్చో. ఒక్కొక్కరినే పంపిస్తాను."

"ఇక్కడే అడగమను, అందరి ముందూ" అంది బురుల్చా.

"అందరి ముందా?" నవ్వాడు. మా మనుషులు వాడికి బాగా తెలుసు. "సరే. ఐదని చెప్పుకునే మొహం ఎవరికుందో నేనూ చూస్తాను. జూరాకాన్ అక్కా, నువ్వే పెద్ద, నువ్వే మొదలుపెట్టు."

ఫారం తీసి పదకొండో ప్రశ్న చదివాను.

జూరాకాన్ అక్క లేచి నిలబడింది. సిగ్గుతో ఆవిడ చెవులు ఎర్రగా అయిపోయాయి. నేల వైపు చూసింది, చేతుల వైపు చూసుకుంది. జబ్బకున్న నీలం గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, మిషన్ మీద ఉంచింది.

"ఐదు."

"ఏంటీ, వినపడలా" అన్నాడు మేనల్లుడు.

"ఐదు. కాలరు, జేబు, అస్తరు, ఏదైనా సరే. ఈ షెడ్డులో సగంమందికి పని నేర్పింది నేను. రాయమ్మా, ఐదు." అని కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

బురుల్చా లేచింది. "మర్యాదకైతే నేను నాలుగనాలి. ఇవాళ మర్యాదకి సెలవు. ఐదు."

ఆ తర్వాత రాస్తున్న చెయ్యి ఆగలేదు. ఐదు, ఐదు, నాలుగు, ఐదు. చివర సాయ్‌కాల్ లేచి, "నాకు ఒకటి. ఇది మాత్రం మర్యాదకి కాదు, నిజం" అంది. ఆ వారంలో మొదటిసారి షెడ్డంతా నవ్వింది.

"ఈ కాగితాలు చెల్లవు" అన్నాడు షాబ్దన్. "మిషన్లెక్కండి. కుట్టిన కోట్లు శుక్రవారానికి సరిహద్దు దాటాలి."

"మేం నేర్చుకునేవాళ్లం కదా తమ్ముడూ" అంది జూరాకాన్ అక్క. "కోట్లు కుట్టడం మాకెక్కడ వచ్చు? నువ్వు చెప్పినట్టే గీతలు కుడతాం."

నలభై మూడు మిషన్లు ఒక్కసారిగా మోగాయి. పనికిరాని గుడ్డముక్కల మీద తిన్నగా, చక్కగా, ఒక గీత పక్కన ఇంకో గీత. ఆ మధ్యాహ్నమంతా ఒక్క కోటు తయారు కాలేదు. మేనల్లుడు వరసల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయాడు. ఎవరి కుట్టూ గీత దాటలేదు.

షాబ్దన్ మా కేంద్రానికి ఫోను చేసి నా చేతికిచ్చాడు. "ఖాళీ ఫారాలు పట్టుకుని వచ్చెయ్. నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో నీ చేతుల్లోనే ఉంది" అన్నాడు మా పెద్దాయన.

"అవి ఖాళీగా లేవండీ" అన్నాను.

గోడ మీద కాగితంలో నా పేరు కింద రాశాను: ఈ లెక్క తప్పు, తప్పని తెలిసే రాశాను. సంతకం పెట్టాను. అప్పటికి నేను చేయగలిగింది అంతే, అదీ ఆలస్యంగా.

జూరాకాన్ అక్క నా పక్కకి వచ్చింది. "నీ పనికి నువ్వెంత వేసుకుంటావమ్మా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది. నేను గోడ మీద నా పేరు వైపు చూశాను. రొట్టె తుంచి నా సంచిలో పెట్టి, "చెప్పగలిగినప్పుడు తిందువుగాని" అని తన గీతల దగ్గరికి వెళ్లిపోయింది.

పొద్దు వాలేసరికి వీధి అవతలి షెడ్డు ఆడవాళ్లు గుమ్మం దగ్గర గుంపుగా చేరారు. వాళ్ల జబ్బలకీ నీలం గుడ్డలున్నాయి. "ఆ పదకొండో ప్రశ్న మమ్మల్నీ మళ్లీ అడుగుతావా?" అన్నారు.

సంచిలోంచి ఫారాలు తీశాను. రొట్టె ముక్క అందులోనే ఉంది, తినలేదు.

"మీలో పెద్దావిడ ఎవరు?" అని అడిగాను.

గుంపులోంచి ఒక ముసలావిడ ముందుకొచ్చింది. ఆవిడ చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.