కాపడం ఇటుక

మూడు మెట్లు ఎక్కితే వంటగది. బిక్షమ్మ ఎక్కదు. బడి వెనక నుంచి చుట్టు తిరిగి, సైకిళ్ల కోసం పోసిన వాలు మీదుగా వస్తుంది. నలభై అడుగులు ఎక్కువైనా మోకాళ్లు మాట వినే దారి అదొక్కటే. కోస్గి దగ్గరి ఆ బడిలో పన్నెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఈ పన్నెండేళ్లలో ఉప్పు డబ్బా నడుమెత్తుకు చేరింది, గరిటెకు పొడుగు కర్ర వచ్చింది, బిందెడు నీళ్లు చెంబులుగా విడిపోయాయి. ఆమె వంగవలసినవన్నీ ఒక్కొక్కటే లేచి ఆమె దగ్గరికి వచ్చాయి.

ఇన్ని తప్పించుకోవడాల చివర ఒక సుఖముంది. పిల్లలు తిని లేచాక, నిప్పుల్లో కాగిన ఇటుకను పాత చీరపేలికలో చుట్టి మోకాళ్లకు కాపడం పెట్టుకోవడం. ఆ పావుగంట కోసమే ఆమె పొద్దున లేస్తుందని తోటి వంటమనిషి జంగమ్మ నమ్మకం.

"మొగనికన్న ఎక్కువ జూసుకుంటవు వదినె గా ఇటుకను."

"ఆయన గింత వెచ్చగ ఎన్నడున్నడే?"

ఆయన పోయి పదేళ్లు.

ఆ రోజు గుడ్ల రోజు. పెంకులు తీస్తూ బిక్షమ్మ నాలుగుసార్లు ఎడమ భుజం పట్టుకుంది. టీచరు మంజులత చూసింది. దవాఖానకు పోదామని ఆమె నెల రోజులుగా అడుగుతోంది. బిక్షమ్మ ఒకసారి కోడలు ఊళ్లో లేదంది, ఒకసారి అమావాస్యంది. ఈసారి టీచరు అడగలేదు. పిల్లలు తిని లేవగానే ఆటోకు ఫోన్ చేసింది.

"సూదేస్తరు మేడం. ఉన్న నొప్పి సాలదా, గదొకటా?"

"మొఖమంత చెమటలు వట్టినయి. గియ్యాల ఊకోను బిక్షమ్మా."

బిక్షమ్మ ఆమె కళ్లలోకి చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దవాఖానకు తలూపింది.

"వస్త. ఆటో వచ్చేదాక జర కాపడం వెట్టుకుంట."

పొయ్యి పక్కన గోడకు ఆనుకుంది. జంగమ్మ ఇటుక చుట్టి ఇస్తే, మోకాలికి కాక భుజానికి ఒత్తుకుంది.

"పానం లేచొచ్చినట్టుంది," అని కళ్లు మూసుకుంది.

బయట హారన్ మోగింది. "లే వదినె," అంది జంగమ్మ. చేయి పట్టుకొని మళ్లీ పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఇక పిలవలేదు.

బిక్షమ్మను మూడు మెట్ల మీదుగానే దించారు. వాలు దారి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆటో వెళ్లాక జంగమ్మ గది కడగబోయింది. పొయ్యి పక్కన పడి ఉన్న పేలిక మీద చేయి వేసి, వెనక్కి తీసుకుంది. ఇటుక ఇంకా వెచ్చగానే ఉంది.