డబ్బాల తీగ

నా భార్య పోయింది మంగళవారం ఉదయం, ఆరు కావడానికి పది నిమిషాల ముందు. ఆసుపత్రిలో ఆమెది పొద్దుటి డ్యూటీ. క్యారియర్ సంచిలో పెట్టుకుని, పెరటి తలుపు తీసి బయట అడుగుపెట్టింది. చెత్తకుండీ దగ్గర ఎలుగుబంటి ఉంది. నేను గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాను. ఆమె ఒక్కసారే అరిచింది.

మా వీధి కొండను ఆనుకుని ఉంటుంది. పెరటి గోడ పొడవునా తీగ కట్టి, దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీయడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఒక్కో డబ్బాలో నాలుగు గులకరాళ్లు. ఎలుగు ఒరుసుకుంటే మోగుతాయి. మోగితే తలుపు తీయం. అది తిన్నంత తిని వెళ్లిపోతుంది. "పెద్దాయనొచ్చారు, వెళ్లాక బయల్దేరతాను" అని ఫోన్ చేస్తే ఆఫీసుల్లో కూడా ఆలస్యానికి ఏమీ అనరు.

మా ఇంట్లో డబ్బాలు వినే పని అత్తయ్యది, అంటే నా భార్య తల్లిది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ మేడ దిగరు. నాలుగింటికే లేచి కుర్చీలో కూర్చుంటారు. గది కిటికీ వీధివైపు ఉంది కాబట్టి పెరడు కనబడదు, వినబడుతుంది. చప్పుడైతే చేతికర్రతో నేల మీద మూడుసార్లు కొడతారు. ఆ రోజు కొట్టలేదు.

ఎందుకు కొట్టలేదో నాకు తెలుసు. అడవి జంతువుల పక్కన మనుషులు ఎలా బతుకుతున్నారో చూపే డాక్యుమెంటరీ తీస్తూ, ముందురోజు సాయంత్రం ముగ్గురు మా ఇంటికి వచ్చారు. నా భార్యను వంటింట్లో కూర్చోబెట్టి మాట్లాడించారు. గాలి ఎక్కువగా ఉంది. సౌండు చూసే పెద్దమనిషి హెడ్‌ఫోన్లు తీసి, "మాస్టారూ, ఆ డబ్బాలు కాసేపు ఆపగలరా? మేడమ్ మాట వినపడట్లేదు" అన్నాడు. నేనే వెళ్లి తీగ ఒక కొసను కొక్కెం నుంచి విప్పాను. డబ్బాలు మోగకుండా గోడ పక్కన నేల మీద పరిచాను.

"మీకు భయం వేయదా?" అని అడిగింది డైరెక్టరమ్మాయి.

"మా ఇంట్లో రెండు ఎలుగులున్నాయమ్మా. ఒకటి చెత్తకుండీ దగ్గరికొస్తుంది, ఒకటి హాల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుంది. గుర్రుమనేది రెండోదే" అంది నా భార్య.

కెమెరా ఆయన నవ్వేసరికి ఆ ముక్క మళ్లీ చెప్పించారు. రెండోసారి కూడా అంతే బాగా చెప్పింది. వాళ్లు వెళ్లాక నేను పేపర్లు ముందేసుకున్నాను. తీగ సంగతి మరిచిపోయాను.

అటవీశాఖ ఆయన వచ్చి పెరడు చూసి, "ఎలుగు తీగ లాగి పడేసింది" అని రాసుకున్నాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. సంతకం పెట్టమంటే పెట్టాను. తర్వాత తీగ చుట్టి గోనెసంచిలో వేసి, మెట్ల కింద పెట్టాను.

రెండు వారాలకు అత్తయ్య నన్ను పైకి పిలిచారు.

"బాబూ, తీగ లాగి పడేసిందంటున్నారు. అన్ని డబ్బాలూ ఒక్కసారి పడితే ఎంత చప్పుడవ్వాలి?"

"చాలా అవ్వాలి అత్తయ్యా."

"నేను మేలుకునే ఉన్నాను. నాకెందుకు వినపడలేదు?"

పిల్లలు అడిగినదానికి సమాధానం దాటవేయకూడదని ఇరవై ఆరేళ్లుగా కొత్త టీచర్లకు చెబుతున్నవాణ్ణి. ఆవిడ మంచినీళ్ల చెంబు నింపుకొచ్చి పక్కన పెట్టాను.

"చెవుల డాక్టరుకు చూపించండి" అన్నారు.

ఇద్దరం కలిసి మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. వినికిడి వయసుకు తగ్గట్టు కాస్త తగ్గిందని, మిషన్ పెట్టుకుంటే మంచిదని డాక్టరు అన్నాడు. "అదీ సంగతి" అన్నారు అత్తయ్య. ఆ రోజు నుంచి తిండి తగ్గించేశారు. వడ్డించబోతే, "చెవిటిదానికి ఇంత కూడెందుకు?" అని పళ్లెం పక్కకు జరుపుతారు.

ఆ తర్వాత నెలకు డైరెక్టరమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్ ఉన్న భాగం ఉంచమంటారా, తీసేయమంటారా? మీరెలా అంటే అలాగే మాస్టారూ."

"ఉంచండి" అన్నాను. ఆమె అంతసేపు మాట్లాడిన రికార్డు నా దగ్గర మరొకటి లేదు.

"ఇంకో చిన్న విషయం. మిగతా ఇళ్లన్నిట్లో డబ్బాల చప్పుడుంది, మీ వంటింట్లో లేదు. బోసిగా ఉందంటున్నారు మా సౌండాయన. వేరే ఇంట్లో తీసింది వెనకాల కలిపేస్తాం. పర్లేదా?"

వద్దంటే ఎందుకని అడుగుతుంది. "మీ ఇష్టమమ్మా" అన్నాను.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య గదిలో లాప్‌టాప్ మంచం మీద పెట్టి చూశాం. ఆవిడ మిషన్ పెట్టుకుని, తెరకు జానెడు దూరంలో కూర్చున్నారు. నా భార్య రెండు ఎలుగుల సంగతి చెబుతోంది. ఆమె మాటల వెనక డబ్బాలు మోగుతున్నాయి. అత్తయ్య చెయ్యెత్తారు.

"ఆపండి. మళ్లీ పెట్టండి."

మళ్లీ పెట్టాను.

"డబ్బాలేగా అవి?"

"అవును."

"అయితే ముందురోజు దాకా తీగ బాగానే ఉందన్నమాట." ఆవిడ మిషన్ తీసి దాని పెట్టెలో పెట్టి మూత వేశారు. "నా చెవులే చంపేశాయి బాబూ దాన్ని. మీకు మొహం చూపించలేకపోతున్నాను."

"అలా అనకండి అత్తయ్యా" అన్నాను. మిషన్ తీసేశారు కనుక, విన్నారో లేదో తెలియదు.

కిందికి వచ్చాను. ఆ మంగళవారం నుంచీ నేను వీధి తలుపునే వాడుతున్నాను. తెల్లవారుజామున చెత్తకుండీ కదిలిన చప్పుడవుతుంది. వినే మనిషి పైన, వినిపించే తీగ మెట్ల కింద. తీగ కడితే గాలికి మోగుతుంది. పక్కిళ్ల డబ్బాలు ఆవిడ గదిదాకా రావు, మావి వస్తాయి. మిషన్ లేకుండానే వినపడతాయి. అప్పుడు ఆవిడ అడిగేది ఒక్కటే ప్రశ్న: మరి ఆ రోజెందుకు వినపడలేదని.

గోనెసంచి ఇంకా విప్పలేదు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.